పైమూలన తెల్లకొంగ

ఆ ఆదివారం పొద్దున్నే చంద్రరావు తలంటు పోసుకుని, కొత్త పంచె కట్టుకుని, తన మొహం చూసుకోవడానికి ధవళేశ్వరం సెంటరుకు బయల్దేరాడు. ఇంట్లో అద్దం లేక కాదు. సెంటర్లో కట్టించిన ఫ్లెక్సీ పన్నెండడుగులది. సాయంత్రం కల్యాణమండపంలో ఫొటోగ్రాఫర్ల సంఘం వారు ఎమ్మెల్యే గారి చేతుల మీదుగా అతనికి శాలువా కప్పించి, 'ఛాయాచిత్ర రత్న' అని బిరుదు ఇవ్వబోతున్నారు. సన్మానం ఎవరికైతే వాళ్ళే ఫ్లెక్సీ వేయించుకుని కింద 'మీ అభిమానులు' అని రాయించుకోవడం ఆ ప్రాంతంలో ఎవరూ తప్పు పట్టని మర్యాద. చంద్రరావు కూడా ముందురోజే ఫ్లెక్సీ షాపు వెంకటరమణ దగ్గరికి వెళ్ళి, తన ఫొటోల్లో జుట్టు ఎక్కువగా కనబడేది ఒకటి ఏరి ఇచ్చి, "వెనకాల మంచి గోదావరి ఒకటి పెట్టవయ్యా" అని చెప్పి వచ్చాడు.

ఈ శాలువా కోసం అతను ఎంతగా ఎదురుచూశాడో భార్య సత్యవాణికి తెలుసు. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు అతను తీసినవే. ఆ పెళ్ళిళ్ళలో పుట్టిన పిల్లల అన్నప్రాసనలు కూడా అతను తీసినవే. అయినా ఫొటో అనగానే ఊరు చెప్పే పేరు మాత్రం పల్లంరాజుది. పల్లంరాజు స్టూడియో సరిగ్గా చంద్రరావు ఇంటి ముందుగదిలోని స్టూడియోకి ఎదురుగా, రోడ్డుకవతల ఉంది. ఇద్దరూ ఒకే గురువు దగ్గర, ఒకే చీకటిగదిలో పని నేర్చుకున్నవాళ్ళు. నిజం చెప్పాలంటే పల్లంరాజు తీసిన పెళ్ళి ఫొటోల్లో పెళ్ళికూతురు ఎప్పుడూ కాస్త పక్కకి ఒరిగే ఉంటుంది. కానీ అతనికి ఒక్క ఫొటో ఉంది.

గోదావరి మీద తెల్లవారే వేళ. పల్చటి మంచు. నావ మీద నిలబడి ఒక మనిషి వల విసిరాడు. వల గాలిలో పూర్తిగా విచ్చుకుంది, ఇంకా నీళ్ళను తాకలేదు. అంతే ఫొటో. దాన్ని బియ్యం మిల్లు వాళ్ళు క్యాలెండరు వేశారు. బ్యాంకులో గోడకు తగిలించారు. పెళ్ళి శుభలేఖల మీద కూడా వేశారు, పెళ్ళికీ వలకీ సంబంధమేమిటో ఎవరూ అడగలేదు. కొన్నేళ్ళ కిందట కార్తీకమాసంలో సంఘం వాళ్ళందరూ కుటుంబాలతో పట్టిసం వెళ్ళినప్పటి ఫొటో అది. చంద్రరావు కూడా ఆ రేవులోనే ఉన్నాడు. కాకపోతే వెనక్కి తిరిగి కొండను తీస్తున్నాడు. ఇటు తిరిగి ఉంటే ఆ వల తనదయ్యేదని తలుచుకున్నప్పుడల్లా అతనికి కడుపులో మంట మొదలయ్యేది. దాన్ని అసూయ అంటే ఒప్పుకునేవాడు కాదు, అభిప్రాయం అనేవాడు. ఆ అభిప్రాయాన్ని రోజూ భోజనం దగ్గర సత్యవాణికి చెప్పేవాడు. వంటింట్లో ఆమె తగిలించిన మిల్లు క్యాలెండరును అతను గోడ వైపుకి తిప్పేవాడు. ఆమె ఏమీ అనకుండా మళ్ళీ ఇటు తిప్పేది.

సెంటర్లో అతను ముందు తన మొహం చూసుకున్నాడు. తృప్తిగా ఉంది. జుట్టు కూడా ఉంది. పైన ఎడమ మూల గుండ్రటి చట్రంలో తెల్ల లాల్చీతో ఎమ్మెల్యే గారు చేతులు జోడించి నవ్వుతున్నారు. ఆ తర్వాత చంద్రరావు తన తల వెనక్కి చూశాడు. దేవుడి పటాల్లో తల చుట్టూ వెలుగు వేసినట్టు, అతని తల చుట్టూ గుండ్రంగా ఏదో విచ్చుకుని ఉంది. అది వల.

"అదిరిపోయిందండి చంద్రరావుగారూ!" అన్నాడు టీ కొట్టాయన. "పల్లంరాజుగారి ఫొటో ముందు మీరు నిలబడితే ఎంత నిండుగా ఉందండి!"

చంద్రరావు టీ కూడా తాగకుండా ఫ్లెక్సీ షాపుకు పరిగెత్తాడు.

"వెంకటరమణా! నా వెనకాల ఏం పెట్టావయ్యా?"

"ఆయ్, గోదావరండి. మంచిది పెట్టమన్నారు కదండి."

"అది పల్లంరాజు ఫొటో!"

"ఔనాండి? గూగుల్లో గోదావరి అని కొడితే మొట్టమొదట అదే వస్తుందండి."

"నావి లేవా గూగుల్లో?"

"ఉండే ఉంటాయండి. అంత కిందకి ఎవరెళ్తారండి?"

చంద్రరావు ఆ మాట మింగాడు. మింగవలసినవి ఇంకా ఉన్నాయి. పోయిన మీటింగులో, పరాయివాళ్ళ ఫొటో అడక్కుండా వాడుకున్న సభ్యుణ్ణి సంఘం నుంచి తీసెయ్యాలని బల్ల గుద్ది తీర్మానం చేయించింది తనే. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు పల్లంరాజు ఆ ఫ్లెక్సీ చూసి ఒక్కమాట అంటే చాలు, శాలువా పోతుంది, బిరుదు పోతుంది, సంఘం కూడా పోతుంది. పల్లంరాజు ప్రస్తుతం ఎవరిదో పెళ్ళికి ముందు ఫొటోలు తీయడానికి కోనసీమ వెళ్ళాడు. మధ్యాహ్నానికల్లా వస్తాడు.

"దింపెయ్. వేరేది కట్టు" అన్నాడు చంద్రరావు.

"దింపడమాండి?" వెంకటరమణ గొంతు తగ్గించాడు. "ఎమ్మెల్యే గారి బొమ్మ ఉందండి దాంట్లో. కట్టిన పూటే దింపితే బుల్లియ్య గారు ఊరుకుంటారాండి? ఆమధ్య గాలికి ఊడిపోయినదానికే రోడ్డు మీద కూర్చున్నారండి."

బుల్లియ్య ఊళ్ళో ఎమ్మెల్యే గారి మనుషులకు పెద్ద. ఆయన రోడ్డు మీద కూర్చుంటే లేపడానికి మళ్ళీ ఎమ్మెల్యే గారే రావాలి.

"పోనీ దాని మీదే ఇంకేదైనా అంటించు."

"మొహాలైతే అంటిస్తానండి. ఎలక్షన్లప్పుడు నాయకులు పార్టీలు మారితే ఎన్ని మొహాలు మార్చలేదండి నేను! గోదావరిని ఎలా మారుస్తానండి?"

చంద్రరావు ఇంటికి వచ్చేసరికి సత్యవాణి పెసరట్లు వేస్తోంది. ఆమె తమ్ముడు జానకిరామ్ సన్మానానికని వచ్చి అప్పటికే కూర్చుని తింటున్నాడు. జానకిరామ్ రాజమండ్రి కోర్టులో ప్లీడరు. గట్టు తగాదాలు, లారీ యాక్సిడెంట్లు తప్ప మరో కేసు చూడలేదు. అందుకని కాపీరైటు అనే మాట వినగానే చెయ్యి కడుక్కుని ఫోను తీశాడు.

"ఇదంతా ఎందుకండి బావగారూ? ఎదురుగా షాపే కదా. ఆయన రాగానే వెళ్ళి 'పొరపాటున వాడుకున్నాను, ఏమనుకోకు' అంటే అయిపోతుంది."

"వాణ్ణి అడగడమా? ప్రాణం పోయినా అడగను. ఇంకేదైనా చెప్పు."

"అమెరికాలో దీన్ని ఫెయిర్ యూజ్ అంటారండి. మన చట్టంలో ఫెయిర్ డీలింగు. అడక్కుండా వాడుకున్నా తప్పులేని సందర్భాలు కొన్ని ఉంటాయండి. మొదటిది సొంత వాడకం."

"సొంతానికేగా వాడుకున్నాను! నా సన్మానం, నా మొహం!"

"బీరువా తలుపుకి అంటించుకుంటే సొంతమండి. సెంటర్లో కట్టాక అది ఊరిది. తర్వాత, వార్తలు."

"నా సన్మానం వార్త కాదా?"

"జరిగాక వార్తండి. జరక్కముందు ప్రకటన." జానకిరామ్ తెర మీద వేలితో ఇంకా కిందకి జరిపాడు. "అమెరికా వాళ్ళు ఇంకా వేరేవి కూడా చూస్తారంటండి. ఆ ఫొటోలో ఎంత భాగం వాడుకున్నారు?"

"నా తలకాయ పోగా మిగిలిందంతా."

"మీరు వాడుకోవడం వల్ల ఆ ఫొటోకి గిరాకీ పడిపోతుందా?"

"ఆయన మొహం అడ్డం పెట్టాక ఎవరు కొంటార్రా?" అంది సత్యవాణి పొయ్యి దగ్గర్నుంచి.

"నువ్వుండక్కా. ఆఁ, ఇదిగోనండి. విమర్శ. ఒక ఫొటో బాగోగులు విమర్శించడానికి దాన్ని చూపిస్తే తప్పులేదండి. తీసినవాళ్ళ పేరు మాత్రం వేస్తే మంచిది."

చంద్రరావు కుర్చీ అంచుకు జరిగాడు. "అంటే, ఆ ఫొటోని తిడుతూ వాడుకుంటే చట్టం ఒప్పుకుంటుందా?"

"తిట్టడం కాదండి, విమర్శ."

"రెండిటికీ తేడా ఏంటి?"

"విమర్శకి కారణం ఉండాలండి."

ఇన్నేళ్ళ తన కడుపుమంటకు చట్టంలో చోటుందని చంద్రరావుకు అంతవరకూ తెలియదు. తెలిశాక అతనికి సన్మానం సగం అయిపోయినట్టే అనిపించింది. "సత్యా! తెల్లకాయితాలు పట్రా!" అని కేక పెట్టాడు.

"రోజూ కంచం ముందు కూర్చుని చేసే పనికి సెక్షను కూడా ఉందన్నమాట" అంటూ సత్యవాణి కాగితాలు తెచ్చి పెట్టింది.

అతను నిండా రెండు పేజీలు రాశాడు. పేజీల నిండా పల్లంరాజే ఉన్నాడు కానీ ఫొటో ఎక్కడా లేదు. జానకిరామ్ చదివి, ఇది విమర్శ కాదు, కేసవుతుందన్నాడు. వెంకటరమణ ఫోనులో ఫ్లెక్సీ అడుగున ఒక్క పట్టీకే చోటుందని, రెండు వాక్యాలకు మించి పట్టవని చెప్పాడు. అంటే ఒకే ఒక్క లోపం పట్టుకోవాలి. అందుకు ఫొటో చూడాలి. చంద్రరావు వంటింట్లోకి వెళ్ళి మిల్లు క్యాలెండరును మేకు నుంచి తీసి, కిటికీ దగ్గర వెలుతురులో ఒళ్ళో పెట్టుకున్నాడు.

అన్నేళ్ళుగా దాన్ని తిడుతూ వచ్చాడే కానీ చూడలేదు. ఎక్కడ కనబడినా మొహం తిప్పుకునేవాడు. ఇప్పుడు తిప్పుకోవడానికి వీల్లేదు. గోదావరి అంచు ఏమైనా వంగిందా అని కొలబద్ద పెట్టి చూశాడు, తిన్నగా ఉంది. వెలుతురు ఎక్కువైందా అంటే మంచులో నుంచి ఎంత రావాలో అంతే వచ్చింది. వల విసిరిన మనిషి వేళ్ళు ఇంకా విప్పుకునే ఉన్నాయి, అప్పుడే వదిలేసినట్టు. చూస్తూ చూస్తూ చంద్రరావు కాసేపు అసూయపడడం కూడా మరిచిపోయాడు. వల నీళ్ళలో పడేటప్పుడు వచ్చే చప్పుడు కోసం ఎదురుచూస్తూ కూర్చుండిపోయాడు. తర్వాత, ఇంత మంచి ఫొటో వాడికెలా దొరికిందని గుర్తొచ్చి, మునుపటికంటే ఎక్కువ మండింది.

అప్పుడు కనబడింది, ఎడమవైపు పైమూలన చిన్న తెల్లకొంగ, ఎగిరిపోతూ.

"దొరికింది! కొంగ!"

"కొంగేం చేసిందండీ పాపం?" అంది సత్యవాణి.

"వల మీద ఉండాల్సిన చూపు దాని మీదకి పోతోంది. అనవసరం. తీసేవాడికి ఆపాటి తెలియాలి."

"నాకైతే కొంగే బాగుంది" అని ఆమె పెనం మీద ఉల్లిపాయలు చల్లింది.

పదిన్నరకల్లా వెంకటరమణ నిచ్చెన వేసుకుని ఫ్లెక్సీ కింద పట్టీ అంటించాడు. 'ఈ ఛాయాచిత్రం శ్రీ పల్లంరాజు గారిది. పైన ఎడమ మూలనున్న తెల్లకొంగ పూర్తిగా అనవసరం, అది లేకపోతే ఎంతో బాగుండేది. విమర్శకుడు: చంద్రరావు.' జానకిరామ్ దాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా నిలబడుతుందన్నాడు. చంద్రరావు ఇంటికొచ్చి, సాయంత్రానికి కళ్ళు ఉబ్బకుండా ఉండాలని కాసేపు పడుకున్నాడు.

పడుకున్నవాణ్ణి బుల్లియ్య గొంతు లేపింది. వాకిట్లో మనుషులు కిక్కిరిసి ఉన్నారు. అందరి చొక్కాలూ తెల్లవే.

"ఏవండి చంద్రరావుగారూ, మీకు మేం ఏం అపకారం చేశామండి?" అన్నాడు బుల్లియ్య. కోపం ఎంత ఎక్కువైతే ఆయన అంత మర్యాదగా మాట్లాడతాడు.

"ఏమైందండి?"

"మా నాయకుణ్ణి కొంగ అంటారాండి? పూర్తిగా అనవసరమంటారాండి? ఆయన లేకపోతే ఎంతో బాగుండేదంటారాండి? అదీ ఆయన చేతుల మీద శాలువా కప్పించుకునే రోజునాండి?"

చంద్రరావుకు ఒక్కసారిగా విషయం అర్థమైంది. ఫొటోలో కొంగ ఉన్నచోట, ఫ్లెక్సీలో ఎమ్మెల్యే గారి గుండ్రటి బొమ్మ ఉంది. కొంగ ఆ బొమ్మ వెనకాల ఉండిపోయింది. ఊరి జనం పట్టీ చదివి, తలెత్తి పైన ఎడమ మూలకు చూస్తే, తెల్ల లాల్చీ వేసుకున్న ఎమ్మెల్యే గారు నవ్వుతున్నారు. అప్పటికే అది ఫోన్లలో పక్క మండలం దాటిపోయింది. అవతలి పార్టీ వాళ్ళు వచ్చి చంద్రరావు ధైర్యాన్ని మెచ్చుకుంటూ ఫ్లెక్సీకి దండ కూడా వేసి వెళ్ళారు.

"అయ్యో, అది నిజం కొంగండి! ఇదిగో చూడండి!" అంటూ చంద్రరావు ఫోనులో ఆ వల ఫొటో వెతికి చూపించాడు.

బుల్లియ్య కళ్ళజోడు పైకి జరిపి చూశాడు. "ఉందండి. ఎందుకుండదండి? మీ చేతిలో పనే కదండి. మొన్న మా మేనకోడలి పెళ్ళిలో రాని చుట్టాలందర్నీ ఫొటోలో నిలబెట్టారు మీరు. కొంగ ఒక లెక్కాండి మీకు?"

అది నిజమే కాబట్టి చంద్రరావు ఫోను వెనక్కి తీసుకున్నాడు.

"తీసినాయన చెప్పాలండి. పల్లంరాజుగారు వచ్చి, అక్కడ కొంగ ఉందని అంటే ఒప్పుకుంటాం. లేదంటే ఎమ్మెల్యే గారు మండపానికి రారు. మిమ్మల్ని కూడా రానివ్వం" అని బుల్లియ్య తేల్చేశాడు.

ప్రాణం పోయినా అడగనన్న మనిషిని అడగడానికి చంద్రరావు పంచె సర్దుకుని రోడ్డు దాటాడు. వెనకాల బుల్లియ్య, ఆయన వెనకాల తెల్లచొక్కాలు, వాళ్ళ వెనకాల చట్టం తెలిసిన మనిషిగా జానకిరామ్. గొడవేంటో చూద్దామని సత్యవాణి కూడా కొంగు బిగించి వచ్చింది. పల్లంరాజు అప్పుడే కారు దిగి, డ్రోను పెట్టె లోపల పెట్టుకుంటున్నాడు. జనాన్ని చూసి కంగారుపడ్డాడు.

చంద్రరావు గొంతు సవరించుకున్నాడు. "పల్లంరాజుగారూ. మీ ఫొటో..." అని ఆగిపోయాడు. ముల్లు గుచ్చుకున్నట్టు మొహం పెట్టి, "మీ ఫొటో వాడుకున్నానండి. అడక్కుండా" అన్నాడు.

పల్లంరాజు మొహంలో కోపం రాలేదు. చెమట పట్టింది. "పర్లేదండి. దానిదేముంది? వాడుకోండి" అని గబగబా లోపలికి వెళ్ళబోయాడు.

బుల్లియ్య ఆపాడు. "ఒక్కమాటండి. ఆ వల ఫొటో తీసినప్పుడు పైన కొంగ ఎగురుతోందా లేదా? గోదారమ్మ మీద ఒట్టేసి చెప్పండి."

ఆ ఊరివాళ్ళు కోర్టులో ఎన్ని అబద్ధాలు చెప్పినా ఎవరూ పట్టించుకోరు. గోదారమ్మ మీద ఒట్టు వేరు. ఆ నీళ్ళు తాగాలి, ఆ నీళ్ళలోనే మునగాలి, ఆ ఒడ్డునే కాలిపోవాలి. పల్లంరాజు గోదావరి వైపు చూశాడు. బుల్లియ్య వైపు చూశాడు. పెదవి తడుపుకున్నాడు.

"ఫొటోలో ఉందండి కొంగ" అన్నాడు.

"ఫొటో సంగతి కాదండి. మీరు చూశారా? కంటితో?"

పల్లంరాజు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. చంద్రరావు గుండెల్లో పండగ మొదలైంది. "అయితే కొంగని నువ్వే కంప్యూటర్లో పెట్టావన్నమాట!" అని ముందుకొచ్చాడు. "వల కూడా నువ్వే పెట్టావా? చెప్పు! వల కూడా పెట్టావా?"

"ఏదీ పెట్టలేదయ్యా!" పల్లంరాజు నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. "కొంగని నేను చూళ్ళేదు, వలనీ చూళ్ళేదు. అప్పుడు నా చెప్పు తెగితే వంగి కట్టుకుంటున్నాను. కెమెరా పట్టుకోమని ఇచ్చాను. ఒట్టంటే ఎలా వెయ్యను? ఆ ఫొటో తీసింది నేను కాదు."

"మరెవరు?"

పల్లంరాజు తలెత్తి సత్యవాణి వైపు చూశాడు. జనమందరూ చూశారు. చివరికి చంద్రరావు కూడా చూశాడు.

"అవునండి" అంది సత్యవాణి మామూలుగా. "కొంగ ఎగిరింది. బాగుందని నొక్కాను. వల దాంతోపాటు పడింది."

తెల్లచొక్కాలన్నీ సత్యవాణి వైపు నుంచి పల్లంరాజు వైపుకి తిరిగాయి.

"ఇన్నేళ్ళూ నీదని చెప్పుకున్నావేంటయ్యా?" అన్నాడు బుల్లియ్య, మర్యాద తగ్గించి.

"చెప్పేద్దామనే అనుకున్నానండి, ఆ రోజే" అన్నాడు పల్లంరాజు. "ఊరొచ్చి కెమెరా కార్డు చూసుకుని, ఈ ఫొటో ఆవిడదని చెబుదామని రోడ్డు దాటబోయాను. అంతలో చంద్రరావే వచ్చాడండి. ఫొటో చూసి మొహం మాడ్చుకుని, ఏముందిందులో అన్నాడు. మా గురువుగారి దగ్గర ఉన్నప్పట్నుంచీ నేను తీసినదాన్ని వీడు తిట్టనైనా తిట్టేవాడు కాదండి, అసలు చూసేవాడే కాదు. మొదటిసారి ఒకడు నన్ను చూసి కుళ్ళుకున్నాడండి. ఆ సుఖం వదులుకోబుద్ధి కాలేదు."

చంద్రరావు భార్య వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పొచ్చుగా!"

"ఎప్పుడు చెప్పమంటారు? మొదటిరోజే అన్నం ముందు కూర్చుని, 'ఇది ఎవడో గుడ్డివాడు తీసిన ఫొటో' అన్నారు. రెండోరోజు 'చెయ్యి వణికింది' అన్నారు. ఎప్పుడన్నా బాగుందంటారేమో, అప్పుడు చెబుదామని ఊరుకున్నాను."

ఆమె గొంతులో కోపం లేదు, అదే చంద్రరావును ఎక్కువ బాధపెట్టింది. పొద్దున కిటికీ దగ్గర కూర్చుని ఆ వల చప్పుడు కోసం ఎదురుచూసిన సంగతి చెబుదామనుకున్నాడు. అంత జనంలో నోరు రాలేదు.

బుల్లియ్య మాత్రం చేతులు జోడించాడు. "అమ్మగారు కంటితో చూశానంటే కొంగ ఉన్నట్టేనండి. మాకిక ఏ గొడవా లేదు" అని ఫోను తీసి, అక్కడ నిజంగానే కొంగ ఉందని ఎమ్మెల్యే గారికి చెప్పాడు.

జానకిరామ్‌కు ఇప్పుడు అసలు పని పడింది. అతను చంద్రరావు పక్కనుంచి నాలుగడుగులు వేసి అక్క పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"అదేంటయ్యా?" అన్నాడు చంద్రరావు.

"నొక్కినవాళ్ళదే ఫొటో అండి బావగారూ. హక్కులన్నీ అక్కవి. మీరు అక్క ఫొటో అడక్కుండా వాడుకున్నారు, పైగా వేరేవాళ్ళ పేరు వేశారు. ఇది ఫెయిరా కాదా అన్నది ఇక అక్కే చెప్పాలి. చెప్పక్కా, ఫ్లెక్సీని ఏం చెయ్యమంటావు?"

సత్యవాణి రోడ్డు చివర సెంటర్లో కనబడుతున్న ఫ్లెక్సీ వైపు చూసింది. అంతవరకూ ఆమెను ఏ ఫొటో విషయంలోనూ ఎవరూ ఏమీ అడగలేదు. కాసేపు తల అటూ ఇటూ వంచి చూసి, "ఫొటో బాగానే ఉందిరా. ముందు అడ్డంగా ఉన్నదే బాగాలేదు" అని నవ్వి, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

ఆమె సరదాకే అంది. కానీ గొడవ చూడ్డానికి వచ్చిన వెంకటరమణ నిచ్చెనతో సహా అక్కడే ఉన్నాడు. హక్కుదారు చెప్పిందే శాసనమని జానకిరామ్ అన్నాడు. మొహాలు మార్చడం వెంకటరమణకు చిటికెలో పని.

సాయంత్రం ఎమ్మెల్యే గారి కారు సెంటర్లో ఆగింది. ఒక రోజులో నాలుగైదు సన్మానాలకు వెళ్ళే మనిషి ఆయన. ఏ ఊళ్ళో ఎవరికి శాలువా కప్పాలో ఫ్లెక్సీ చూసే తెలుసుకుంటారు. కారులోంచి వంగి చూశారు. విచ్చుకున్న వల మధ్య నుంచి ఒక ఇల్లాలు కాస్త సిగ్గుపడుతూ చూస్తోంది. కింద 'ఛాయాచిత్ర రత్న శ్రీమతి సత్యవాణి గారికి శుభాకాంక్షలు' అని ఉంది. వెంకటరమణ జానకిరామ్ ఫోనులోంచి ఆమె ఫొటో తీసుకుని, పనిలో పనిగా పేరు కూడా మార్చేశాడు.

మండపంలో ముందువరసలో, మారిన ఫ్లెక్సీని ఇంకా చూడని చంద్రరావు శాలువాకి అనువుగా భుజాలు సర్దుకుని కూర్చున్నాడు. మైకులో ఎమ్మెల్యే గారు, "సత్యవాణమ్మ గారు వేదిక మీదకి రావాలి" అన్నారు. సంఘం పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎమ్మెల్యే గారిని సరిదిద్దే ధైర్యం వాళ్ళలో ఎవరికీ లేదు, ఆ అవసరం కూడా ఉన్నట్టు కనబడలేదు. పల్లంరాజు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. సత్యవాణి లేచి మొగుడి వైపు చూసింది, వెళ్ళనా అన్నట్టు. చంద్రరావు తల ఊపాడు. ఎటు ఊపాడో అతనికే తెలియదు.

"ఈ ఫొటో మా ఆఫీసులో కూడా ఉందమ్మా" అన్నారు ఎమ్మెల్యే గారు శాలువా కప్పుతూ. "నాకు వలకంటే ఆ కొంగే ఇష్టం."

చప్పట్లకు మండపం దద్దరిల్లింది. వేదిక మీద శాలువాలో సత్యవాణి ఎంతో అందంగా ఉంది. అది చూసి చంద్రరావుకు గర్వం కలిగింది, ఆ వెంటనే దాని పక్కనే పాత మంట కూడా కలిగింది. ఇన్నాళ్ళూ రోడ్డుకవతల ఉన్న అసూయ ఇప్పుడు ఇంట్లోకే కాపురానికి వస్తోందని అతనికి అర్థమైంది. ఇక దాని మీద అభిప్రాయం చెప్పుకోవడానికి భోజనం దగ్గర ఎవరూ ఉండరు.

"ఏవండీ! ఒక్క ఫొటో తియ్యండి. మీరు తీస్తేనే నాకు బాగుంటుంది" అంది సత్యవాణి మైకు పక్కనుంచి. ఆ మాట నిజంగానే అంది.

చంద్రరావు కెమెరా తీసుకుని మెట్లెక్కాడు. ఆ సన్మానానికి ముందు నుంచి చివరి దాకా, శాలువా, దండ, జ్ఞాపిక ఒక్కటీ వదలకుండా అతనే తీశాడు. ఫొటోలన్నీ ఎంతో స్పష్టంగా వచ్చాయి, ఒక్కదాంట్లోనూ సత్యవాణి కళ్ళు తెరుచుకుని మాత్రం లేవు.